పిల్లల్ని కంటే ఊళ్ళు నిండుతాయా?

మొన్న బంధువుల పెళ్ళిలో, భోజనాల బంతిలో, పెదనాన్న నన్ను పట్టుకున్నారు. "ఒక్కదాంతో ఆపేస్తే ఎట్టామ్మా? ముఖ్యమంత్రులే చెబుతున్నారు గదా ఇంకొకళ్ళని కనమని. ఇట్టాగైతే రేపు క్యాంపులో దీపం పెట్టే దిక్కు కూడా ఉండదు."

పెదనాన్నకు నలుగురు పిల్లలు. పెద్దన్నయ్య డాలస్‌లో, చిన్నన్నయ్య బెంగళూరులో, అక్కలిద్దరూ హైదరాబాదులో. క్యాంపు అంటే మా ఊరే, కాలువ కింద కోస్తా నుంచి వచ్చినవాళ్ళు కట్టుకున్న ఊరు. అక్కడ ఉండేది ఆయనా పెద్దమ్మా. ఈ మాట నేను అనలేదు. నా పక్కనే కూర్చున్న పెద్దక్కే అంది, "నలుగురం పుట్టాం కదా నాన్నా, అక్కడ ఎవరం ఉన్నాం?" అని. ఆయన ఒక్క క్షణం ఆగి, పెరుగు వడ్డించేవాడిని "ఇటు రావయ్యా" అని పిలిచారు.

అప్పట్నుంచీ ఈ విషయం నన్ను వదలడం లేదు. 2024 అక్టోబరులో చంద్రబాబు నాయుడు ఎక్కువమంది పిల్లల్ని కనమన్నారు. ఆ వెంటనే తమిళనాట స్టాలిన్ సామూహిక వివాహాల వేదిక మీద పదహారుగుర్ని ఎందుకు కనకూడదని జోకు వేశారు. స్థానిక ఎన్నికల్లో పోటీకి ఇద్దరు పిల్లల నిబంధనను ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ అదే ఏడాది నవంబరులో ఎత్తేసింది. ఆ నిబంధన పోవడం మంచిదే, నాకు దాని మీద పేచీ లేదు. నా పేచీ ఆ మాటల వెనకున్న లెక్కతో. జనం తగ్గితే ఊళ్ళు ఖాళీ అవుతాయి, జనం పెరిగితే నిండుతాయి అన్న లెక్క వినడానికి బాగుంటుంది. మా క్యాంపు చరిత్రలో మాత్రం అది ఒక్కసారి కూడా కుదరలేదు.

మంజీర వెంట

మాది నిజామాబాద్ జిల్లా వర్ని దగ్గర. మంజీర నది మీద నిజాంసాగర్ 1931లో పూర్తయింది. ఆ కాలువల కింద బోధన్, వర్ని, కోటగిరి, బాన్సువాడ చుట్టుపక్కల క్యాంపులు ఎలా వెలిశాయో ఇటువైపు వాళ్ళకు చెప్పనక్కర్లేదు. మా తాతయ్య తెనాలి దగ్గర్నుంచి వచ్చాడు. అన్నదమ్ముల పంపకాల్లో వచ్చిన ఎకరంన్నర అమ్మి, ఇక్కడ ఎనిమిదెకరాల నల్లరేగడి కొన్నాడని మా ఇంట్లో చెప్పుకుంటారు. పెట్టుబడికి పోగా మిగిలిన డబ్బుతో ఒక జత ఎడ్లు కూడా వచ్చాయంటారు. ఆ ఎడ్ల సంగతి ఎంతవరకు నిజమో గానీ, భూమి సంగతి నిజమే. దస్తావేజు ఉంది, ఉర్దూలో.

ఆ రోజుల్లో ఇక్కడ జనం తక్కువై, సర్కారు పిల్లల్ని కనమని చాటింపు వేయించలేదు. ఆనకట్ట కట్టించింది. ఆ పని నిజాం ఇంజనీరు అలీ నవాజ్ జంగ్ ఆధ్వర్యంలో 1923లో మొదలైంది. నీళ్ళొచ్చాయి, నీళ్ళ వెనక మనుషులొచ్చారు. ఇరవై ఏళ్ళు తిరిగేసరికి ఖాళీ రేగడిలో ఊరు, గుడి, బడి, రైసుమిల్లు. 1953లో తుంగభద్ర నీళ్ళు వదిలాక కర్ణాటకలో సింధనూరు, గంగావతి వైపు జరిగింది కూడా ఇదే. అక్కడా తెలుగువాళ్ళ క్యాంపులే, పేరు కూడా అదే.

ఇదే కథను స్థానికుల వైపు నుంచి చెబితే అంత ముచ్చటగా ఉండదు. కాలువ పారాక రేగడి విలువ ఎంతవుతుందో డెల్టా రైతుకు ముందే తెలుసు, ఎందుకంటే తన ఊళ్ళో కళ్ళారా చూశాడు. ఇక్కడివాళ్ళకు తెలియదు, చవగ్గా అమ్ముకున్నారు. అమ్ముకున్నవాళ్ళ పిల్లలే తర్వాత మా పొలాల్లోకి కూలికి వచ్చారు. మేం కష్టపడి బాగుచేశామన్న మాట మా క్యాంపుల్లో ఎప్పుడూ వినిపిస్తుంది. కష్టపడ్డది నిజమే. ఆ చవక ధర మాత్రం ఎవరూ తలుచుకోరు. ఎక్కడ ఎవరు స్థిరపడతారన్నది నీళ్ళొక్కటే తేల్చవని, చేతిలో ఎవరికి డబ్బుందో, ఎవరికి కబురు ముందు తెలిసిందో కూడా తేలుస్తుందని నాకు అర్థమైంది ఈ సంగతి వల్లే.

తర్వాతేమైంది? నిజాంసాగర్ పూడికతో నిండుతూ వచ్చింది. కట్టినప్పుడు దాదాపు 30 టీఎంసీలు పట్టేది, ఇప్పుడు 18 కూడా పట్టదు. ఎగువన సింగూరు ఆనకట్ట వచ్చింది. మంజీర నీళ్ళు 1960ల నుంచే హైదరాబాదుకు తాగడానికి పోతున్నాయి, సింగూరు కట్టాక ఇంకా ఎక్కువ పోయాయి. మేం హైదరాబాదు వచ్చిన కొత్తలో చందానగర్‌లో అద్దెకుండేవాళ్ళం. రోజు విడిచి రోజు మంజీర నీళ్ళొచ్చేవి. అమ్మ బిందెలు నింపుతూ, "ఇవి మన కాలవ నీళ్ళేనంట" అని నవ్వేది. తాతయ్యను తెనాలి నుంచి కదిలించిన నీళ్ళు మాకంటే ముందే నగరానికి పోయాయి, వాటి వెనకే మేమూ వచ్చాం.

డెల్టా లెక్క

తాతయ్య వచ్చింది కృష్ణా డెల్టా నుంచి కదా, అక్కడ అంతకుముందు ఏం జరిగిందో కూడా చూడాలి. గుంటూరు సీమను ఊడ్చేసిన డొక్కల కరువు 1832–33లో వచ్చింది. గోదావరి వైపు కూడా ఆ ఇరవై ఏళ్ళూ అంతంతమాత్రమే. అప్పటి రాజమండ్రి జిల్లాలో 1821లో 7.38 లక్షల మంది ఉంటే 1841 నాటికి 5.61 లక్షలు. ఇరవై ఏళ్ళలో నాలుగో వంతు జనం లేకుండా పోయారు. చచ్చినవాళ్ళు చచ్చారు, పోయినవాళ్ళు పోయారు. అప్పట్లో ఇంటింటా అరడజను మందిని కనేవాళ్ళు. అయినా జిల్లా చిక్కిపోయింది.

1852లో కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేశాడు. మూడేళ్ళకు బెజవాడలో కృష్ణ మీద రెండోది. 1891 నాటికి గోదావరి జిల్లా జనాభా 20 లక్షలు దాటింది. మధ్యలో జిల్లా సరిహద్దులు మారాయి కాబట్టి ఈ అంకెల్ని పక్కపక్కన పెట్టి ఇన్ని రెట్లు అని గుణించేయకూడదు. అయినా దిశ స్పష్టమే. తల్లులు అంతకుముందు కంటే ఎక్కువమందిని కన్నందుకు కాదు ఆ పెరుగుదల. పుట్టినవాళ్ళు బతికారు, బయటివాళ్ళు వచ్చి చేరారు. కోతల కాలంలో విశాఖ వైపు నుంచి కూలీలు గోదావరి జిల్లాకు నడిచి వచ్చేవాళ్ళు, కొందరు అక్కడే ఉండిపోయారు.

ఇక్కడ నా వాదనకే ఒక చిక్కుంది. నీళ్ళొస్తే జనం నిలబడతారన్నదే నిజమైతే, సరిగ్గా ఆ కాలంలోనే కోరంగి, కాకినాడ రేవుల నుంచి వేలమంది తెలుగువాళ్ళు రంగం, అంటే బర్మా, ఎందుకు పోయారు? బర్మా బియ్యపు మిల్లుల్లో, రంగూన్ రేవులో బస్తాలు మోసింది వాళ్ళే. అక్కడ తెలుగువాళ్ళకు కోరంగీలనే పేరు పడింది. నీళ్ళ పక్క నుంచే పోయారు చాలామంది. వాళ్ళకు భూమి లేదు కాబట్టి పోయారు. నీళ్ళు భూమి ఉన్నవాణ్ణి నిలబెట్టాయి, లేనివాణ్ణి నిలబెడతాయని హామీ ఏమీ లేదు. 1941–42లో జపాన్ బాంబులు పడ్డప్పుడు వాళ్ళలో చాలామంది వెనక్కి పారిపోయి వచ్చారు. వచ్చినా, వదిలిపోయిన ఊళ్ళలో వాళ్ళ కోసం కొత్తగా ఏమీ పుట్టుకు రాలేదు.

ఆ డెల్టాయే ఇప్పుడు? 2001 నుంచి 2011 మధ్య పశ్చిమ గోదావరి జిల్లా జనాభా మూడున్నర శాతం పెరిగింది. పదేళ్ళకు! అదే పదేళ్ళలో రంగారెడ్డి జిల్లా 48 శాతం పెరిగింది. రంగారెడ్డిలో ఎవరూ హఠాత్తుగా అరడజను మందిని కనలేదు. భీమవరం, తణుకుల నుంచి, వర్ని, జగిత్యాల నుంచి వచ్చి కూకట్‌పల్లిలో దిగినవాళ్ళే అందులో చాలామంది.

నాట్లు వేసేదెవరు

మా క్యాంపులో ఇప్పుడు వానాకాలం నాట్లు వేసేది బీహార్ వాళ్ళు. మొదట్లో పిన్ని గొణిగేది, "మగాళ్ళు నాటేయడమేంటే, చూడటానికే అదోలా ఉంది" అని. ఇప్పుడు జులై రాకముందే వాళ్ళ మేస్త్రీకి తనే ఫోన్ చేస్తుంది. ఎకరాకు ఇంత అని గుత్త. మడికి అడ్డంగా తాడు లాగి, దాని వెంట పది మంది వంగి వెనక్కి నడుస్తుంటే, పొద్దెక్కేలోపు మడి పచ్చబడుతుంది. పాత రైసుమిల్లు షెడ్డులో వంట, అన్నంలోకి రోజూ ఆలుగడ్డే. పిన్నికి వచ్చిన హిందీ మొత్తం "కిత్నా", "కల్ ఆవో", "పానీ జాదా". ఆ మూడింటితోనే బేరమంతా నడిపిస్తుంది.

పోయిన సీజన్‌లో క్యాంపుకు వెళ్ళినప్పుడు వాళ్ళలో ఒకబ్బాయితో మాట్లాడాను. పూర్ణియా వైపు ఊరు. అయిదుగురు అన్నదమ్ములట. ఇంటి దగ్గర ఎవరున్నారని అడిగితే, అమ్మా వదినలూ అన్నాడు. అన్నదమ్ములు? ఒకడు లూధియానాలో, ఒకడు సూరత్‌లో, ఇద్దరు ఇక్కడే, ఇంకొకడు చిన్నవాడు, వచ్చే ఏడాది తనూ వస్తాడు. నాకు వెంటనే పెదనాన్న గుర్తొచ్చారు. డాలస్, బెంగళూరు, హైదరాబాదు. లూధియానా, సూరత్, వర్ని. చదువులో, జీతంలో, చర్మం మాడే ఎండలో భూమ్యాకాశాల తేడా ఉంది, అది లేదంటే పాపం. కానీ సొంతూళ్ళో మిగిలింది రెండు చోట్లా అమ్మలే.

బీహార్ సంతానోత్పత్తి రేటు జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 2019–21లో 3. అదే సర్వేలో ఆంధ్రప్రదేశ్‌ది 1.7, తెలంగాణది 1.8. జనాభా నిలకడగా ఉండాలంటే 2.1 కావాలంటారు. పిల్లలు పుడితే ఊళ్ళు నిండేటట్టయితే పూర్ణియా ఊళ్ళలో మగవాళ్ళు కిటకిటలాడాలి. అక్కడ పిల్లలు పుడుతూనే ఉన్నారు, మీసాలొచ్చేసరికి రైలెక్కుతున్నారు. ఇక్కడ పిల్లలు తగ్గారు, అయినా పొలం బీడు పడలేదు, రైలు దిగినవాళ్ళు నాటేస్తున్నారు. 2020 లాక్‌డౌన్‌లో ఇది అందరికీ కనబడింది. మే 1న దేశంలో మొదటి శ్రామిక్ రైలు లింగంపల్లి నుంచి వలస కూలీలను ఎక్కించుకుని ఝార్ఖండ్ వెళ్ళింది. వారం తిరిగేసరికి బీహార్‌లోని ఖగడియా నుంచి ఇంకో రైలు రెండొందల మందికి పైగా రైసుమిల్లు హమాలీలను తీసుకుని అదే లింగంపల్లిలో దిగింది. యాసంగి వడ్లు గుట్టలుగా ఉన్నాయి, బస్తా ఎత్తేవాళ్ళు లేరు మరి.

మా జిల్లాలోనూ అంతే. 2011 జనగణనలో నిజామాబాద్‌లో వెయ్యి మంది మగవాళ్ళకు 1,040 మంది ఆడవాళ్ళు. ఆడపిల్లల్ని గొప్పగా చూసుకుంటున్నామని మురిసిపోదామా? ఆ మగవాళ్ళలో ఎంతమంది దుబాయ్‌లో, మస్కట్‌లో ఉన్నారో ఆర్మూరు బస్టాండులో ఎవరినడిగినా చెబుతారు. ఇంటి దగ్గర ఆడవాళ్ళు బీడీలు చుట్టుకుంటున్నారు.

సీట్ల సంగతి

నా వాదనకు అసలైన ఎదురుదెబ్బ ఇది, దీన్ని దాటేసి పోలేను. రాజకీయ నాయకులు పిల్లల్ని కనమనేది మా క్యాంపు మీద ప్రేమతో కాదు, లోక్‌సభ సీట్ల కోసం. జనాభాను బట్టి రాష్ట్రాలకు పంచే ఆ సీట్ల లెక్కను 1976లో, 1971 జనగణన దగ్గర ఆపేశారు. 2001లో ఆ గడువును 2026 తర్వాత జరిగే తొలి జనగణన దాకా పొడిగించారు. ఇద్దరు ముద్దు, ఆపై వద్దు అని గోడ మీద ఎర్ర త్రికోణం గీసి చెప్పినప్పుడు మనం విన్నాం. విన్నందుకు రేపు సీట్లు తగ్గితే అది అన్యాయమే. ఈ కోపం నాకూ ఉంది.

అయితే ఇప్పుడు పిల్లల్ని కనడం మొదలుపెడితే రాష్ట్రాల జనాభా లెక్క తారుమారు కావడానికి చాలా ఏళ్ళు పడుతుంది. సీట్ల పంచాయితీ అంతకాలం ఆగదు. అది సూత్రం మీద జరగాల్సిన పోట్లాట. పదిహేనో ఆర్థిక సంఘం నిధుల పంపకంలో జనాభాకు 15 శాతం తూకం వేస్తూనే, జనాభాను అదుపులో పెట్టిన రాష్ట్రాలకు 12.5 శాతం పక్కన పెట్టింది. అంటే ఢిల్లీతో ఇలాంటి బేరం కుదురుతుందని ఒకసారి రుజువైంది. ఆ బేరం చేతకాకపోతే మా ఇళ్ళల్లోని ఆడపిల్లల మీద పడితే ఎలా?

పైగా సీట్లు పోవడం మనకు కొత్త కాదు. 2009 ఎన్నికల నాటికి జరిగిన పునర్విభజనలో తూర్పు గోదావరి అసెంబ్లీ సీట్లు 21 నుంచి 19కి, గుంటూరు 19 నుంచి 17కి, పశ్చిమ గోదావరి 16 నుంచి 15కి పడిపోయాయి. రంగారెడ్డి 14 సీట్లకు పెరిగింది. కూకట్‌పల్లి, శేరిలింగంపల్లి అప్పుడు పుట్టిన నియోజకవర్గాలే. ఆ సీట్లు బీహార్ పట్టుకుపోలేదు. మనమే సామాను సర్దుకుని, వాటిని మన వెంట హైదరాబాదు తెచ్చుకున్నాం. దాని గురించి ఏ ముఖ్యమంత్రీ ఎప్పుడూ బెంగపడినట్టు నాకు గుర్తులేదు.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పేస్తాను. అదే 2019–21 సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళైన ఆడవాళ్ళలో దాదాపు 70 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళు, దేశంలోనే అత్యధికం. మగవాళ్ళ ఆపరేషన్లు అర శాతం కూడా లేవు. ఆపమన్నప్పుడు కోయించుకున్నది ఆడవాళ్ళు. మా అమ్మకు ఇరవై నాలుగో ఏట చేశారు, ప్రభుత్వాసుపత్రి వాళ్ళు పెట్టిన ఆపరేషన్ల శిబిరంలో, వరసగా పడుకోబెట్టి. ఇప్పుడు కనమన్నా కోతలు పడేది మళ్ళీ ఆడవాళ్ళకే. ఈ మాట పెళ్ళి భోజనాల దగ్గర అనలేం కాబట్టి బ్లాగులో రాస్తున్నాను.

ముసలితనం

పెదనాన్న మాటల్లో నన్ను నిజంగా ఇబ్బంది పెట్టింది సీట్ల గోల కాదు, దీపం సంగతి. ఆయనకు డెబ్బై ఎనిమిది. పెద్దమ్మ మోకాళ్ళు పనిచేయవు. క్యాంపులో యాభై దాటనివాళ్ళ ఇళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ప్రాథమిక పాఠశాలలో పిల్లలు పదిమందికి అటూ ఇటూ. జూన్‌లో టీచరమ్మ ఇంటింటికీ తిరుగుతుంది, "ఒక్కణ్ణైనా పంపండమ్మా" అని. అయితే అక్కడ కూడా పిల్లలు బొత్తిగా లేకపోవడం ఒక్కటే కారణం కాదు. పొద్దున ఏడున్నరకు బోధన్ నుంచి పసుపు బస్సు వచ్చి ఉన్న పిల్లల్ని ఇంగ్లీషు మీడియానికి ఎక్కించుకుపోతుంది.

జనాభా ముసలిదైతే ఎవరు చూసుకుంటారన్న ప్రశ్నకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. పిల్లలు మరీ తగ్గిపోవడం కష్టమేనని ఒప్పుకుంటాను. ఒక్క కూతురి తల్లిగా అప్పుడప్పుడూ రాత్రిళ్ళు టెన్షన్ పడతాను కూడా. కానీ నలుగుర్ని కన్న పెదనాన్నను ఇప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్ళేది ఆ నలుగురిలో ఎవరూ కాదు, పక్కింటి బీడీ కార్ఖానా గుమాస్తా కొడుకు. పిల్లల సంఖ్య కంటే వాళ్ళు ఎంత దూరంలో ఉన్నారన్నదే ఆయన విషయంలో తేల్చింది.

క్యాంపు నిండిన ఏడాది

ఒక్కసారి మాత్రం మా క్యాంపు నిజంగానే నిండింది. 2020లో. ఒక్క బిడ్డ కూడా అదనంగా పుట్టకుండానే. సాఫ్ట్‌వేర్ పిల్లలంతా లాప్‌టాపులు పట్టుకుని దిగారు. మూసిన ఇళ్ళు తెరిచారు, బూజులు దులిపారు. సాయంత్రాలు గుడి ముందు క్రికెట్టు. కిరాణా కొట్టులో పాస్తా పాకెట్లు కనిపించాయి. నెట్ సిగ్నల్ కోసం మా తమ్ముడు (బాబాయి కొడుకు) వాటర్ ట్యాంకు మెట్ల మీద కూర్చుని మీటింగుల్లో మాట్లాడేవాడు. కింద ఎవరైనా ట్రాక్టరు స్టార్ట్ చేస్తే చేతులూపి ఆపించేవాడు. ఆ తర్వాత కేబుల్ నెట్ వచ్చింది, ట్యాంకు దిగాడు. దాదాపు రెండేళ్ళు ఉన్నాడు. ఒక ఎకరంలో కూరగాయలు కూడా వేశాడు.

ఆఫీసు పిలిచినప్పుడు వెళ్ళాడు. కానీ ఆఫీసొక్కటే కారణమైతే మేనేజరుతో మాట్లాడుకునేవాణ్ణే అంటాడు, వారానికి రెండు రోజులు వెళ్ళొస్తే సరిపోయేదట. మరదలిది ఫార్మా కంపెనీలో క్వాలిటీ కంట్రోల్ ఉద్యోగం. అది ఇంట్లో కూర్చుని చేసేది కాదు. సెలవు మీద సెలవు పెట్టి, చివరికి ఇక కుదరదన్నారు. ఆమెకు బోధన్‌లో చేయడానికి ఏముందని మేమందరం కూర్చుని ఆలోచించాం. కాలేజీలో పాఠాలు చెబితే వచ్చేది ఆమె జీతంలో మూడో వంతు. ఉద్యోగం మానేసి ఇంటిపట్టున ఉండమని అత్తగారు అంది, ఆ మాట మీద ఒక వారం ఇంట్లో మాటల్లేవు. వలస లెక్కల్లో మన దేశంలో ఆడవాళ్ళ కదలికకు మొదటి కారణం పెళ్ళి. మొగుడి వెంట పోయారని రాసుకుంటారు. ఇక్కడ మొగుడే పెళ్ళాం ఉద్యోగం వెంట పోయాడు, జనగణనవాళ్ళు దాన్ని ఏ గడిలో రాస్తారో చూడాలి.

బోధన్‌లో ఆమె చదువుకు తగిన ఉద్యోగం దొరికితే ఇప్పటికైనా వచ్చేస్తానంటాడు తమ్ముడు. కెమిస్ట్రీ చదివినవాళ్ళకు ఆ ఊళ్ళో పనిచ్చిన పెద్ద సంస్థ ఒక్కటే ఉండేది, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని చెప్పుకున్న శక్కర్‌నగర్‌లోని నిజాం చక్కెర ఫ్యాక్టరీ. దానికీ 2015 డిసెంబరులో తాళం పడింది. ఎన్నికలొచ్చినప్పుడల్లా తెరుస్తామంటారు.